జడవాయువుల ఉద్యోగపర్వం

పాఠ్యభాగ పరిచయం

దేనితోనూ కలవని మూలకాలుగా పేరుపడిన జడవాయువులు నేడు అంతరిక్షంలో ఉపగ్రహాలను నడుపుతున్నాయి. వాటిలో ఏ వాయువును ఎందుకు ఎన్నుకుంటారో, ఆ ఎంపికలో ఏయే గుణాలను తూకం వేస్తారో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. శాస్త్ర విషయాన్ని మాతృభాషలో తేటగా చెప్పుకోవచ్చునని విద్యార్థులు గ్రహించడం మరొక ప్రయోజనం.

పాఠం

రామచంద్రపురం గోదావరి తూర్పు డెల్టాలోని పట్టణం. ధవళేశ్వరం ఆనకట్ట నుండి బయలుదేరిన కాలువలు ఈ ప్రాంతమంతటా అల్లుకొని ఉన్నాయి. రోడ్లు, లారీలు పెరగక ముందు ధాన్యం, కొబ్బరి, కలప ఈ కాలువల మీదనే పడవలలో సాగేవి. ఆ పడవలను నడిపే తీరును పెద్దలు నేటికీ చెబుతారు. ఒకడు గెడను కాలువ అడుగున ఆనించి వెనక్కు నెట్టేవాడు. ఒకడు తెడ్డుతో నీటిని వెనక్కు తోసేవాడు. గాలి వాలు లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగేవారు. ఎవరు ఏ విధంగా నడిపినా ఏదో ఒక ఆధారం ఉండేది. అడుగున నేల, చుట్టూ నీరు, పక్కన గట్టు వారికి ఆధారాలు. ఈ మూడూ లేని చోట పడవ ఎలా కదులుతుంది? అంతరిక్షంలోని ఉపగ్రహానికి ఎదురయ్యే ప్రశ్న ఇదే.

చర్యకు సమానమైన ప్రతిచర్య వ్యతిరేక దిశలో ఉంటుందని న్యూటన్ మూడవ గమన నియమం చెబుతుంది. గెడ, తెడ్డు లేని పడవలో కొబ్బరికాయల రాశి ఒకటి ఉందనుకోండి. పడవ చివర నిలబడి ఒక్కొక్క కాయను బలంగా వెనక్కు విసిరితే, విసిరిన ప్రతిసారీ పడవ కొంత ముందుకు జరుగుతుంది. రాకెట్టు సూత్రమంతా ఇందులోనే ఉంది. తాను మోసుకొని వెళ్ళిన ద్రవ్యాన్ని వెనక్కు విసరడం వల్లనే అంతరిక్ష నౌక ముందుకు సాగుతుంది. అలా విసరడానికి తీసుకొని వెళ్ళే పదార్థాన్ని చోదక ద్రవ్యం అంటారు. కాయలు అయిపోతే పడవవాడు చేయగలిగింది ఏమీ లేదు. చోదక ద్రవ్యం అయిపోయిన ఉపగ్రహం స్థితి కూడా అంతే.

ఉపగ్రహం ఒకసారి తన కక్ష్యలో చేరిన తరువాత ఇంకా తోయవలసిన అవసరం ఏమిటని సందేహం కలగవచ్చు. టెలివిజన్ ప్రసారాలకు, సమాచార సేవలకు ఉపయోగించే ఉపగ్రహాలు భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున భూస్థిర కక్ష్యలో ఉంటాయి. భూమి మీద నుండి చూచేవారికి అవి ఒకే చోట నిలిచినట్లు కనిపించాలి. కాని సూర్యచంద్రుల ఆకర్షణ వలన, భూమి ఆకారంలోని హెచ్చుతగ్గుల వలన అవి నెమ్మదిగా పక్కకు జరుగుతాయి. ఆ జరుగుబాటును సరిదిద్దడానికి ఏడాదికి సెకనుకు సుమారు 50 మీటర్ల మేర వేగాన్ని మార్చవలసి ఉంటుంది. పదిహేను సంవత్సరాలకు అది 750 మీటర్లవుతుంది. పరికరాలన్నీ చక్కగా పనిచేస్తున్నా, చోదక ద్రవ్యం ముగియడంతో సేవ నుండి విరమించిన ఉపగ్రహాలు అనేకం ఉన్నాయి. కనుక చోదక ద్రవ్యం ఎంత మిగిలి ఉంటే ఉపగ్రహానికి అంత ఆయుర్దాయం.

చిరకాలంగా ఈ పనికి రసాయన ఇంధనాలను వాడుతున్నారు. అవి మండగా వచ్చిన వేడి వాయువులు సెకనుకు సుమారు 3 కిలోమీటర్ల వేగంతో వెలువడతాయి. విద్యుత్తుతో పనిచేసే థ్రస్టర్ల నుండి వెలువడే ద్రవ్యం వేగం సెకనుకు 15 కిలోమీటర్లు, అంతకు పైన కూడా ఉంటుంది. ఈ భేదం ఎంతటిదో ఒక లెక్క వలన తెలుస్తుంది. 2,000 కిలోగ్రాముల ఉపగ్రహం పైన చెప్పిన 750 మీటర్ల వేగాన్ని రసాయన ఇంధనంతో మార్చుకోవాలంటే సుమారు 440 కిలోగ్రాములు ఖర్చవుతుంది. విద్యుత్ థ్రస్టరుతో అయితే సుమారు 100 కిలోగ్రాములు చాలు. మిగిలిన 340 కిలోగ్రాముల మేర అదనపు పరికరాలను అమర్చవచ్చు. లేదా అంత తేలికైన ఉపగ్రహాన్ని చిన్న రాకెట్టుతోనే పంపవచ్చు. పెద్ద రాకెట్లు విరివిగా లేని దేశానికి ఇది చిన్న లాభం కాదు.

విద్యుత్ థ్రస్టరు పనితీరును స్థూలంగా తెలుసుకుందాం. పింగాణీ వంటి పదార్థంతో చేసిన ఉంగరాకారపు గాడి ఒకటి ఉంటుంది. దాని లోపలి చివర నుండి వాయువును అతి స్వల్పంగా వదులుతారు. గాడికి అడ్డంగా అయస్కాంత క్షేత్రం నెలకొని ఉంటుంది. బయట ఉన్న కాథోడు నుండి వచ్చే ఎలక్ట్రాన్లు ఆ అయస్కాంత క్షేత్రంలో చిక్కి గానుగెద్దులవలె గాడి చుట్టూ తిరుగుతుంటాయి. వాయువు పరమాణువులను అవి ఢీకొన్నప్పుడు పరమాణువు నుండి ఒక ఎలక్ట్రాను ఊడిపోతుంది. అప్పుడు పరమాణువుకు ధన విద్యుదావేశం వస్తుంది. దానిని అయాను అంటారు. సుమారు 300 వోల్టుల విద్యుత్ పీడనం ఆ అయానులను మహావేగంతో బయటకు నెడుతుంది. వెలుపలికి వచ్చిన అయానులతో కాథోడు ఎలక్ట్రాన్లు కలుస్తాయి. అందువలన ఉపగ్రహం మీద విద్యుదావేశం పేరుకోదు. ఇక్కడ ఏదీ మండదు. శక్తి అంతా సౌరఫలకాలు పట్టిన సూర్యరశ్మి నుండి వస్తుంది. వాయువు పని కేవలం విసరబడడమే. ఇటువంటి యంత్రాన్ని స్థిర ప్లాస్మా థ్రస్టరు అని, హాల్ థ్రస్టరు అని పిలుస్తారు.

విసరడానికే అయితే ఏ పదార్థమైనా సరిపోదా? తొలి ప్రయోగాలలో పాదరసాన్ని, సీసియాన్ని వాడారు. 1964 జూలై 20న అమెరికా పంపిన సెర్ట్-1 అనే నౌకలో పాదరసంతో పనిచేసిన అయాను థ్రస్టరు అంతరిక్షంలో 31 నిమిషాలు నడిచింది. అంకెలను మాత్రమే చూస్తే పాదరసం ఉత్తమమైనది. దాని పరమాణువు చాలా బరువైనది. దాని నుండి ఎలక్ట్రానును ఊడదీయడం కూడా కష్టం కాదు. కాని అది విషం. ఆవిరిగా మారి నౌక భాగాల మీద పేరుకొంటుంది, లోహాలను పాడుచేస్తుంది. సీసియం గాలి సోకితేనే భగ్గుమంటుంది. నేల మీద వాటితో పనిచేసే మనుషులకే ప్రమాదం. ఈ అనుభవం తరువాత శాస్త్రజ్ఞులు వేటితోనూ కలవని, ఎవరికీ హాని చేయని పదార్థాల వైపు చూపు మరల్చారు. ఆవర్తన పట్టికలో చివరి నిలువు వరుసలో ఉన్న హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జెనాన్, రేడాన్ అటువంటివి. వీటినే జడవాయువులని, ఉత్కృష్ట వాయువులని అంటారు. వీటి పరమాణువులు ఒంటరిగా ఉంటాయి. అణువులుగా జంటకట్టవు. కనుక అణువును విడగొట్టడానికి శక్తి వృథా కాదు. సౌరఫలకాన్ని గాని, కెమెరా కటకాన్ని గాని ఇవి మలినం చేయవు. తొట్టిలో ఏళ్ళ తరబడి నిల్వ ఉన్నా దానిని తినివేయవు. రసాయన శాస్త్రంలో జడత్వం అనిపించుకొన్న గుణమే ఇక్కడ యోగ్యత అయింది.

ఈ కుటుంబంలో మొదటి వాయువు జాడ దొరికిన చరిత్రలో తెలుగు నేలకు చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం ఏర్పడినప్పుడు చంద్రుని నీడ తెలుగు సీమ మీదుగా సాగింది. ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు జూల్స్ జాన్సెన్ గుంటూరులో, మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ మచిలీపట్నంలో, అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తిలో ఆ గ్రహణాన్ని పరిశీలించారు. సూర్యబింబపు అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటదర్శినితో చూచినవారికి పసుపు వన్నె రేఖ ఒకటి కనిపించింది. అది సోడియం రేఖకు దగ్గరగా ఉన్నది. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాక్యర్ కూడా ఆ రేఖను చూచి, అది సోడియం రేఖ కాదని గుర్తించాడు. భూమి మీద ఎవరూ ఎరుగని మూలకమేదో సూర్యునిలో ఉందని భావించి, గ్రీకు భాషలో సూర్యునికి గల హీలియోస్ అనే పేరును బట్టి దానిని హీలియం అన్నారు. 1895లో విలియం రామ్సే ఒక ఖనిజం నుండి వెలువడిన వాయువులో ఆ మూలకాన్నే కనుగొన్నాడు.

తక్కిన వాయువుల పేర్లకు కూడా అర్థాలున్నాయి. 1894లో రేలీ, రామ్సే గాలిలో కనుగొన్న వాయువు దేనితోనూ చర్య జరపలేదు. అందుచేత దానికి ఆర్గాన్ అని పేరు పెట్టారు. ఆ గ్రీకు మాటకు సోమరి అని అర్థం. 1898లో రామ్సే, మోరిస్ ట్రావర్స్ కలసి ద్రవీకరించిన గాలిని కొద్దికొద్దిగా మరిగించి కొన్ని వారాల వ్యవధిలోనే మూడు వాయువులను కనుగొన్నారు. క్రిప్టాన్ అంటే దాగినది. నియాన్ అంటే కొత్తది. జెనాన్ అంటే పరాయిది, అతిథి. ట్రావర్స్ 1906లో మనదేశానికి వచ్చి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు తొలి డైరెక్టరు అయ్యాడు. ఈ సంగతిని గుర్తుంచుకోండి. మరల దీని ప్రస్తావన వస్తుంది.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఈ ఆరింటిలో దేనిని ఎన్నుకోవాలి? రేడాన్ రేడియోధార్మిక పదార్థం. నాలుగు రోజులు గడవక ముందే సగం నశిస్తుంది. కనుక దానిని విడిచిపెట్టాలి. తక్కిన ఐదింటి గుణాలను కింద చూడండి. పరమాణు భారం, ఒక ఎలక్ట్రానును ఊడదీయడానికి కావలసిన అయనీకరణ శక్తి ఎలక్ట్రాన్ వోల్టులలో, పది లక్షల పాళ్ళ గాలిలో ఆ వాయువు పాలు, ఆ వరుసలో ఇవ్వబడ్డాయి.

హీలియం – 4.0, 24.6, 5.2
నియాన్ – 20.2, 21.6, 18.2
ఆర్గాన్ – 39.9, 15.8, 9,340
క్రిప్టాన్ – 83.8, 14.0; 1.1
జెనాన్ – 131.3, 12.1, 0.087

మొదటి గుణం బరువు. దీనిని గ్రహించడానికి మరల పడవ వద్దకు వెళ్దాం. పడవలో కొబ్బరికాయలతో పాటు నిమ్మకాయలు కూడా ఉన్నాయని, నిమ్మకాయ బరువు కొబ్బరికాయ బరువులో పదోవంతని అనుకుందాం. ఒకే శ్రమతో విసిరితే నిమ్మకాయ మూడు రెట్లకు పైగా వేగంతో పోతుంది. కాని దాని వలన పడవకు కలిగే తోపుడు కొబ్బరికాయ కలిగించే దానిలో మూడోవంతు కూడా ఉండదు. మరొక విధంగా చూడండి. పది నిమ్మకాయలు ఒక కొబ్బరికాయతో సరితూగుతాయి. ఆ పదింటినీ విసిరితే కలిగే తోపుడు ఒక కొబ్బరికాయ తోపుడుకు మూడు రెట్లు. అయితే పడిన శ్రమ పది రెట్లు. అంటే ఒంట్లో సత్తువ తక్కువై, కాయలు చాలినన్ని ఉన్నవాడికి కొబ్బరికాయ మేలు. సత్తువ పుష్కలంగా ఉండి, సరుకు బరువు తగ్గించుకోవలసినవాడికి నిమ్మకాయ మేలు.

ఉపగ్రహానికి సత్తువ సౌరఫలకాల నుండి వచ్చే విద్యుత్తు. అది పరిమితం. జెనాన్ కొబ్బరికాయ వంటిది, ఆర్గాన్ నిమ్మకాయ వంటిది. క్రిప్టాన్ ఆ రెండింటికీ నడుమ ఉంటుంది. 300 వోల్టుల పీడనంలో జెనాన్ అయాను సెకనుకు 21 కిలోమీటర్లు, క్రిప్టాన్ 26, ఆర్గాన్ 38 కిలోమీటర్ల వేగాన్ని సిద్ధాంతరీత్యా అందుకొంటాయి. ఒకే విద్యుత్తుతో జెనాన్ 100 పాళ్ళ తోపుడు ఇస్తే క్రిప్టాన్ 80 పాళ్ళు, ఆర్గాన్ 55 పాళ్ళు ఇస్తాయి. హీలియం, నియాన్ ఇంకా తేలికైనవి కావడంతో చాలా వెనుకబడతాయి.

రెండవ గుణం అయనీకరణ శక్తి. కాయను విసిరే ముందు పీచు వలవాలనే నియమం ఉందనుకోండి. వలవడానికి పడే శ్రమ పడవను నడపదు. అది అదనపు ఖర్చు. పరమాణువు నుండి ఎలక్ట్రానును ఊడదీయడానికి పట్టే శక్తి కూడా అటువంటిదే. జెనాన్‌కు 12.1 ఎలక్ట్రాన్ వోల్టులు చాలగా హీలియంకు దానికి రెట్టింపు కావాలి. పైగా తేలికైన పరమాణువులు వేగంగా కదిలి, ఎలక్ట్రాన్ల తాకిడికి చిక్కకుండానే గాడి దాటిపోతాయి. అటువంటి పరమాణువు విసరని కాయ వంటిది. దాని బరువు మోసినందుకు తగిన ఫలితం దక్కదు.

మూడవ గుణం నిల్వ. జెనాన్‌ను సాధారణ ఉష్ణోగ్రతలోనే అధిక పీడనంతో అదిమితే అది నీటికన్నా సాంద్రంగా తయారవుతుంది. చిన్న తొట్టిలో ఎక్కువ పట్టుతుంది. అదే పీడనంలో క్రిప్టాన్‌కు పెద్ద తొట్టి, ఆర్గాన్‌కు మరింత పెద్ద తొట్టి కావాలి. తొట్టి పెరిగితే దాని బరువూ పెరుగుతుంది. అప్పుడు తేలికైన వాయువు వలన కలిగిన లాభంలో కొంత హరించుకుపోతుంది.

ఈ మూడు పరీక్షలలోనూ జెనాన్‌దే అగ్రస్థానం. నాలుగవ పరీక్ష లభ్యత. ఇందులో అది చిట్టచివర నిలుస్తుంది. ఒక లీటరు జెనాన్ కావాలంటే దాదాపు ఒక కోటి పదిహేను లక్షల లీటర్ల గాలిని వడపోయాలి. ఆ లీటరు జెనాన్ తూగేది ఆరు గ్రాముల లోపే. మన లెక్కలోని ఉపగ్రహానికి కావలసిన 100 కిలోగ్రాములు ఎంత గాలిలో ఉంటాయో చూద్దాం. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి 580 మీటర్లు గల గాలి దిమ్మె నుండి జెనాన్‌ను చివరి పరమాణువు వరకు తీస్తేనే అంత లభిస్తుంది. ఇంత గాలిని జెనాన్ కోసమే ద్రవీకరించడం ఎవరికీ సాధ్యం కాదు. ఉక్కు కర్మాగారాల కోసం గాలి నుండి ఆక్సిజన్‌ను వేరుచేసే పెద్ద కేంద్రాలలో, ఆ పని జరుగుతుండగా ఉపఫలంగా దీనిని రాబట్టుకోవాలి. 2021 ఏప్రిల్‌లో కరోనా ఉధృతంగా ఉన్నప్పుడు విశాఖపట్నం ఉక్కు కర్మాగారం నుండి మహారాష్ట్రకు రైలులో ప్రాణవాయువు తరలిన సంగతి చాలామందికి తెలుసు. అటువంటి కర్మాగారాల గాలి విభజన కేంద్రాలలో ఆక్సిజన్‌తో పాటు ఆర్గాన్ సులభంగా లభిస్తుంది. అది గాలిలో నూటికి ఒక పాలుకు కొంచెం తక్కువగా ఉంది. క్రిప్టాన్, జెనాన్ కోసం మాత్రం అదనపు యంత్రాంగం నిలపాలి. ప్రపంచం మొత్తం మీద జెనాన్ ఉత్పత్తి అత్యల్పం. దీపాలకు, వైద్యానికి, కంప్యూటరు చిప్పుల తయారీకి కూడా అదే కావాలి. ఒక చోట ఒడుదొడుకు వస్తే అన్ని చోట్లా ధర పెరుగుతుంది. 2022లో రష్యా, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తరువాత నియాన్, క్రిప్టాన్, జెనాన్ ధరలు అలాగే పెరిగాయి.

ఈ గుణావగుణాలను తూచి ఎవరి అవసరాన్ని బట్టి వారు నిర్ణయం తీసుకొన్నారు. అమెరికా 2007లో పంపిన డాన్ నౌక 425 కిలోగ్రాముల జెనాన్‌ను తీసుకొని వెళ్ళి వెస్టా, సిరీస్ అనే రెండు చిన్న లోకాల చుట్టూ ఒకదాని తరువాత ఒకటిగా పరిభ్రమించింది. అటువంటి నౌక జీవితంలో ఒక్కటే ఉంటుంది. అక్కడ వాయువు ధర కన్నా పనితీరు ముఖ్యం. స్టార్‌లింక్ ఉపగ్రహాల సంగతి వేరు. అవి వేల సంఖ్యలో ఎగరవలసినవి. అన్నిటికీ జెనాన్ నింపాలంటే ధరతో పాటు లభ్యత కూడా అడ్డువస్తుంది. అందుచేత 2019లో ఆ సంస్థ క్రిప్టాన్‌ను, 2023 నుండి కొత్త రకం ఉపగ్రహాలలో ఆర్గాన్‌ను వాడింది. ఆ ఆర్గాన్ థ్రస్టరు 4.2 కిలోవాట్ల విద్యుత్తుతో 170 మిల్లీన్యూటన్ల బలాన్ని ఇస్తుందని సంస్థ ప్రకటించింది. సోమరి అని పేరు మోసిన వాయువుకే అందరికన్నా ఎక్కువ పని దొరికింది.

మనదేశం విషయానికి వస్తే, 2010 ఏప్రిల్ 15న శ్రీహరికోట నుండి బయలుదేరిన జీశాట్-4 ఉపగ్రహంలో విద్యుత్ థ్రస్టర్లను అమర్చారు. కాని రాకెట్టు విఫలమై ఆ ఉపగ్రహం కక్ష్యను చేరలేదు. ఏడు సంవత్సరాల అనంతరం 2017 మే 5న జీశాట్-9 ప్రయోగం విజయవంతమైంది. దక్షిణాసియా ఉపగ్రహంగా ప్రసిద్ధమైన దానిలో జెనాన్‌తో పనిచేసే విద్యుత్ చోదక వ్యవస్థను ప్రయోగాత్మకంగా ఉపయోగించారు. 2025 మార్చిలో ఇస్రో మరొక మెట్టు ఎక్కింది. స్వదేశంలో రూపొందించిన 300 మిల్లీన్యూటన్ల స్థిర ప్లాస్మా థ్రస్టరును అంతరిక్ష పరిస్థితులను కల్పించిన గదిలో 5.4 కిలోవాట్ల పూర్తి సామర్థ్యంతో 1,000 గంటలు నడిపి పరీక్షించింది. వేగంగా పోయే అయానులు గాడి గోడలను నెమ్మదిగా అరగదీస్తాయి. ఆ అరుగుదలను మధ్యమధ్య కొలుస్తూ పరీక్ష సాగించారు. యంత్రం ఎంతకాలం మన్నుతుందో తేల్చేది ఆ అరుగుదలే.

ఈ రెండు థ్రస్టర్లను పోల్చి చూడండి. ఒక కిలోవాటు విద్యుత్తుకు ఇస్రో జెనాన్ థ్రస్టరు సుమారు 55 మిల్లీన్యూటన్ల బలాన్ని, ఆ ఆర్గాన్ థ్రస్టరు సుమారు 40 మిల్లీన్యూటన్ల బలాన్ని ఇస్తున్నాయి. పడవ మీద కొబ్బరికాయ, నిమ్మకాయ చెప్పిన న్యాయమే ఇక్కడ కనిపిస్తున్నది. 300 మిల్లీన్యూటన్లు కూడా గొప్ప బలమేమీ కాదు. అరచేతిలో 30 గ్రాముల బరువు పెట్టుకొంటే ఎంత ఒత్తిడి తెలుస్తుందో అంతే. మూడు టన్నుల ఉపగ్రహాన్ని రోజంతా ఆ బలంతో తోస్తే దాని వేగం సెకనుకు 8.6 మీటర్లు మాత్రమే మారుతుంది. కక్ష్యలో నిలబెట్టడానికి ఏడాదికి ఆరు రోజుల తోపుడు చాలు. కాని రాకెట్టు విడిచిన తాత్కాలిక కక్ష్య నుండి భూస్థిర కక్ష్యకు చేరడానికి సెకనుకు రెండు కిలోమీటర్ల మేర వేగం మార్చవలసి వస్తే ఏడెనిమిది నెలలు పడుతుంది. అదే విద్యుత్తుతో ఆర్గాన్‌ను వాడితే సిద్ధాంతం ప్రకారం పద్నాలుగు నెలలు కావచ్చు. అన్ని నెలలు ఉపగ్రహం సేవ ప్రారంభించకుండా తిరుగుతూ ఉండాలి. పదిహేనేళ్ళు పనిచేయవలసిన ఒక పెద్ద ఉపగ్రహానికి జెనాన్ ఖరీదైనా తగినది కావడానికి కారణం ఇది. వేల సంఖ్యలో చిన్న ఉపగ్రహాలను పంపేవారు ఆర్గాన్‌తో సరిపెట్టుకోవడంలోనూ అంతే న్యాయం ఉంది. భవిష్యత్తులో మనదేశం కూడా ఉపగ్రహ సమూహాలను పంపదలచినప్పుడు ఈ తూకాన్ని మరల వేయవలసి వస్తుంది. అప్పటికి ఉక్కు కర్మాగారాల గాలి నుండి ఈ వాయువులను మనమే రాబట్టుకోగలిగితే ఎంపిక మన చేతిలో ఉంటుంది. లేనిచో ఎక్కడో జరిగిన యుద్ధం మన ఉపగ్రహం ఖర్చును నిర్ణయిస్తుంది.

జెనాన్‌ను కనుగొన్న ఇద్దరిలో ఒకడైన ట్రావర్స్ నడిపిన బెంగళూరు సంస్థకే తరువాతి కాలంలో సతీశ్ ధావన్ డైరెక్టరు అయ్యాడు. ఇస్రోకు కూడా ఆయన అధ్యక్షత వహించాడు. శ్రీహరికోట కేంద్రానికి 2002లో ఆయన పేరు పెట్టారు. గుంటూరు ఆకాశాన పసుపు రేఖగా కనిపించిన కుటుంబానికే చెందిన ఒక వాయువు, నూట నలభై తొమ్మిదేళ్ళ తరువాత అదే తెలుగు తీరం నుండి ఉపగ్రహంలో ప్రయాణమై వెళ్ళింది. అతిథి అనే పేరు గల ఆ వాయువు తన పేరును సార్థకం చేసుకొన్నది.

తిక్కన తెలుగు చేసిన భారత పర్వాలలో ఉద్యోగపర్వం ఒకటి. అక్కడ ఉద్యోగం అంటే జీతానికి చేసే కొలువు కాదు. ఒక కార్యానికి పూనుకోవడం, ప్రయత్నించడం అని అర్థం. ఎవరితోనూ పొత్తు లేని వాయువులు నేడు అటువంటి కార్యానికి పూనుకొన్నాయి. ఏది అన్నిటికన్నా గొప్పది అని అడిగితే ఈ శాస్త్రంలో సమాధానం దొరకదు. ఏ పనికి, ఎంత శక్తితో, ఎన్నాళ్ళకు, ఎంత ఖర్చులో అని అడిగినప్పుడే దొరుకుతుంది. కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా భావించాడు. తగిన చోట తగినది ఉండడమే ఔచిత్యం. కావ్యంలో పదాన్ని ఎన్నుకొనే కవికి, ఉపగ్రహానికి వాయువును ఎన్నుకొనే శాస్త్రజ్ఞునికి కావలసిన వివేకం ఒక్కటే.

కఠిన పదాలకు అర్థాలు

చోదక ద్రవ్యం = ముందుకు నడపడానికి వెనక్కు విసరబడే పదార్థం
అయాను = విద్యుదావేశం పొందిన పరమాణువు
అయనీకరణం = పరమాణువును అయానుగా మార్చడం
వర్ణపటదర్శిని = కాంతిని రంగులుగా విడదీసి చూపే పరికరం
వేధశాల = ఖగోళాన్ని పరిశీలించే స్థలం
సాంద్రం = చిక్కనైనది
ఉపఫలం = ప్రధానమైన పని జరుగుతుండగా అదనంగా లభించేది
ఔచిత్యం = తగి ఉండడం
గెడ = పడవను నెట్టడానికి వాడే పొడవైన కర్ర

భాషాంశాలు

సంధులు
అత్యల్పం = అతి + అల్పం – యణాదేశ సంధి
విద్యుదావేశం = విద్యుత్ + ఆవేశం – జశ్త్వ సంధి
గుణావగుణాలు = గుణ + అవగుణాలు – సవర్ణదీర్ఘ సంధి

సమాసాలు
జడవాయువు – జడమైన వాయువు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
సూర్యగ్రహణం – సూర్యుని యొక్క గ్రహణం – షష్ఠీ తత్పురుష సమాసం
సూర్యచంద్రులు – సూర్యుడును చంద్రుడును – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఉపగ్రహానికి చోదక వాయువును ఎన్నుకోవడంలో పరిశీలించవలసిన గుణాలను వివరించండి.
2. జడవాయువుల ఆవిష్కరణ చరిత్రలో తెలుగు నేలకు గల సంబంధాన్ని తెలుపండి.

ఆ) కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. పాదరసాన్ని చోదక ద్రవ్యంగా ఎందుకు విడిచిపెట్టారు?
2. కొబ్బరికాయ, నిమ్మకాయ పోలిక ద్వారా రచయిత ఏమి బోధించాడు?
3. జెనాన్ దుర్లభం కావడానికి కారణమేమి?

ఇ) ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. ఆర్గాన్ అనే పేరుకు అర్థమేమి?
2. భారతీయ విజ్ఞాన సంస్థ తొలి డైరెక్టరు ఎవరు?
3. జీశాట్-9ను ఎప్పుడు ప్రయోగించారు?

ఈ) ఆలోచించి రాయండి.
మీ ప్రాంతంలో ఒక పనికి ఖరీదైన వస్తువుకు బదులు తగిన వస్తువును ఎన్నుకొన్న సందర్భాన్ని గమనించి, అక్కడ ఏయే గుణాలను తూచారో పది వాక్యాలలో వివరించండి.